సుగుణ పేరున వచ్చిన ఉత్తరం

బాన్సువాడ, 12 ఆగస్టు 1978

ఢిల్లీ అకాడమీ నుంచి నా భార్య సుగుణ పేరున ఉత్తరం వచ్చింది. ఆమె సేకరించిన నాట్ల పాటలకు సన్మానం చేస్తారట, అంగీకారం తెలపమన్నారు. ఆమె పోయి నాలుగు నెలలైందని వాళ్లకు తెలియదు.

మా ఇంటికొచ్చి ఆ పాటలు పాడిన గంగవ్వకు చెబుదామని కోటగిరి వెళ్లాను. నాటు వేస్తూనే కసిరింది.

"నాకెందుకు సారూ, పోయినామెకు చెప్పు. 'ఇదుగో' అనుడే గాని ఒక్కనాడన్న పేరు పెట్టి పిలిచినవా?"

ఇరవై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ పిలవలేదు.

ఇంటికొచ్చి ఆమె ఫోటో ముందు ఉత్తరం పైకి చదివాను. పేరు దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈసారి పేరు పలికాను.

ఆమె లేదని అకాడమీకి రాయాలి. రేపు రాస్తాను. ఈ ఒక్క రాత్రి, వాళ్ల కాగితాల్లోనైనా సుగుణ బతికే ఉండనీ.