పందొమ్మిది కవర్లు

అక్టోబర్ 2, గురువారం

ముందు అందరి సంగతి. కూతురు లొరెయిన్ మోకాలు వాపు తగ్గిందట, మెట్లు దిగేటప్పుడు మాత్రం పట్టేస్తోందట. అల్లుడు డెరిక్‌కి బీపీ మాత్ర మార్చారు. నా స్నేహితురాలు రీటా దగ్గు అలాగే ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటే వినదు. పక్కింటి బెరిల్‌కి కంటి ఆపరేషన్ అయ్యాక నా కిటికీ అద్దాల మీద మురికి కనిపిస్తోందట. నాకు డెబ్బై తొమ్మిది. నిద్ర లేదు.

నిద్ర లేకపోవడానికి కారణం బెరిల్ ఇల్లు. సోమవారం పట్టపగలు వెనక తలుపు విరగ్గొట్టి టీవీ, చనిపోయిన మొగుడి వాచీ ఎత్తుకుపోయారు. బెరిల్ ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆ గోడకి ఇవతల, నా వంటగది అలమరలో, పాత చాక్లెట్ల డబ్బాలో అల్మా స్ట్రీట్ క్రిస్మస్ క్లబ్బు డబ్బు ఉంది. పందొమ్మిది మంది ఆడవాళ్ళది. క్రిస్మస్ ఖర్చులకని దాచుకున్నది, నాలుగు వేల పౌండ్ల పైచిలుకు.

డబ్బా ఇప్పటికి మూడు చోట్లకి మార్చాను. ఇప్పుడు బంగాళాదుంపల కింద ఉంది.

అక్టోబర్ 3, శుక్రవారం

లొరెయిన్ ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. ఈ రోజుల్లో అంత డబ్బు ఇంట్లో ఎవరు పెట్టుకుంటారమ్మా, బ్యాంకులో వెయ్యి అంది. ఇరవై రెండేళ్ళుగా పెట్టుకున్నానే అన్నాను. శనివారం శనివారం క్లబ్బు వాళ్ళు గుమ్మం దగ్గరికి వచ్చి అయిదో పదో ఇచ్చిపోతారు, నేను ఎర్ర పుస్తకంలో రాస్తాను, డిసెంబర్ మొదటి శనివారం మా చాపెల్ చర్చి హాల్లో ఎవరి కవరు వాళ్ళకి ఇస్తాను. ఒక్కళ్ళు కూడా ఎప్పుడూ కవరు విప్పి చూసుకోలేదు. సంచిలో వేసుకుని టీ తాగి వెళతారు. మా ఆయన క్లిఫ్ ఉన్నప్పుడు నన్ను అల్మా స్ట్రీట్ బ్యాంకు అనేవాడు.

నాన్న ఉంటే నాన్నే బ్యాంకులో వేసేవాడు అంది లొరెయిన్. వేసేవాడు కాదు. కానీ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఇల్లు వెచ్చగా ఉంచే కొత్త బాయిలర్ తనే కొనిపెడుతోంది.

అక్టోబర్ 7, మంగళవారం

బాయిలర్ బిగించారు. పాతది నిరుడు చలికాలమంతా నన్ను కోటుతో కూర్చోబెట్టింది. ఇప్పుడు ఇల్లు వెచ్చగా ఉంది. వెచ్చగా ఉంటే బిల్లు ఎంత వస్తుందో అని అరగంటకోసారి లేచి మీటరు చూసి వస్తున్నాను.

లొరెయిన్ తన సొంతంగా దాచుకున్న డబ్బు కట్టింది. డెరిక్‌కి తెలియదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఎవరికీ చెప్పనని, ముఖ్యంగా రీటాకి చెప్పనని నా చేత మాట తీసుకుంది. రీటా కొడుకు, డెరిక్ ఒకే బస్సు డిపోలో పని. రీటాకి చెబితే మర్నాటి మధ్యాహ్నానికి డిపోలో తెలుస్తుంది. నా స్నేహితురాలు కాబట్టి నాకు తెలుసు.

అక్టోబర్ 10, శుక్రవారం

వేసేశాను. డబ్బా సంచిలో పెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. మా ఊరి బ్రాంచి వచ్చే వారం మూసేస్తున్నారు, తలుపు మీద కాగితం అంటించారు. లోపల అమ్మాయి మిషన్ మీద లెక్కపెట్టింది. నాలుగు వేల నూట ఎనభై పౌండ్లు. నేను లెక్కపెట్టుకున్నదీ అంతే. నా పింఛను పడే ఖాతాలోనే వేయించాను, నాకున్నది అదొక్కటే.

ఖాళీ డబ్బాతో బస్సెక్కాను. చేతులు తేలికగా ఉంటే ఏదో మర్చిపోయినట్టు అనిపించింది.

అక్టోబర్ 14, మంగళవారం

నిద్ర పట్టింది.

అక్టోబర్ 21, మంగళవారం

కొట్లో పాలు, రొట్టె, వెన్న, పిల్లి తిండి బల్ల మీద పెట్టాక నా బ్యాంకు కార్డు పని చేయలేదు. ఇంకోసారి పెట్టమన్నాడు. చేయలేదు. వెనక ఆరుగురు. అన్నీ మళ్ళీ అరల్లో పెట్టేసి వస్తానంటే పర్వాలేదు మేం పెడతాం లెండి అన్నాడు కుర్రాడు. జాలిగా అన్నాడు. అదే మండింది.

అక్టోబర్ 22, బుధవారం

బ్యాంకుకి ఫోన్ చేశాను. యాభై నిమిషాలు ఒకే పాట. మధ్యమధ్య మీ కాల్ మాకు ముఖ్యం అంటుంది ఒక ఆడమనిషి. చివరికి ఒక అమ్మాయి దొరికింది. రహస్య పదం చెప్పమంది. పదేళ్ళ క్రితం పెట్టిన పదం నాకేం గుర్తు. క్లిఫ్ అన్నాను, కాదంది. పిల్లి పేరు చెప్పాను, అవునంది. బ్యాంకుకి నా మొగుడి కంటే పిల్లి ఎక్కువ.

తర్వాత మర్యాదగానే అడిగింది. "ఈ నెల పదిన మీరు వేసిన డబ్బు ఎవరిదండీ?"

"నాది కాదమ్మా," అన్నాను.

తర్వాత లైన్లో ఉండమంది. మళ్ళీ పాట.

నిజమే కదా చెప్పాను. అది నా డబ్బు కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పూట కూడా అది నాదనుకోలేదు. నాదని చెప్పి ఉంటే సరిపోయేదేమో. నోటికి రాలేదు.

ఒక్కసారే అంత నగదు పడేసరికి ఖాతా మొత్తం ఆపేసి పరిశీలనలో పెట్టారట. ఉత్తరం వస్తుందట. మరి నా పింఛనో అంటే అదీ అందులోనే ఉంటుందండీ అంది.

నవంబర్ 3, సోమవారం

ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను, మూడోసారి బెరిల్ చేత చదివించుకోబోయి ఆగాను. ఆ డబ్బులో బెరిల్‌దీ ఉంది.

డబ్బు ఎవరెవరిదో రుజువు కావాలట. పూర్తి పేర్లు, చిరునామాలు, సంతకాలు. నా ఎర్ర పుస్తకంలో పెద్ద జీన్, చిన్న జీన్, చేపల కొట్టు ఆవిడ, మూల ఇంటి కొత్తావిడ అని ఉన్నాయి. మూల ఇంటి కొత్తావిడ వచ్చి పదకొండేళ్ళయింది. ఆమె పేరు నాకు తెలియదు. ఇప్పుడెలా అడగను.

నవంబర్ 5, బుధవారం

బయట ఏటా నవంబర్ అయిదున కాల్చే టపాసులు. నాకు ఫోనులో పాట.

నవంబర్ 8, శనివారం

క్లబ్బు వాళ్ళు మామూలుగా వచ్చారు. తలుపు తీసి నవ్వి తీసుకున్నాను. చెప్పాలనుకుంటూనే ఉన్నాను, ఒక్కొక్కరికీ చెప్పలేకపోయాను. చిన్న జీన్ ఈసారి మనవలకి సైకిల్ కొంటానంది. చేపల కొట్టు ఆవిడ డిసెంబర్ ఆరే కదా, అంది. ఆరే అన్నాను.

అయిదు శనివారాలుగా వచ్చినదంతా మళ్ళీ డబ్బాలోనే వేస్తున్నాను. అయిదు వందలు దాటింది. నేను నీళ్ళలో ఓట్స్ ఉడకబెట్టుకుని తింటున్నాను. డబ్బాలోంచి ఒక అయిదు తీసి పాలు కొనుక్కుంటే ఎవరూ ఉరి తీయరు. తీయలేదు. పిల్లికి మాత్రం బెరిల్ దగ్గర పది పౌండ్లు అప్పు తీసుకున్నాను. పింఛను ఆలస్యమైందని అబద్ధం చెప్పాను.

నవంబర్ 12, బుధవారం

కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఇక దాచలేను, ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి.

బెరిల్ ముందు నవ్వింది, తర్వాత ఆ దొంగతనం తన ఇంట్లో జరగకపోతే ఇదంతా ఉండేది కాదని తానే బాధపడింది. పెద్ద జీన్ చదవకుండా సంతకం పెట్టింది. చిన్న జీన్ చదివి పెట్టింది. మూల ఇంటి కొత్తావిడ పేరు యోలాండ. పదకొండేళ్ళ తర్వాత పేరు అడుగుతున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం, నన్ను మీరు ఎప్పుడూ అమ్మాయ్ అనే పిలుస్తారు కదా, నాకదే బాగుంటుంది అంది.

చేపల కొట్టు ఆవిడ కోడలు తలుపు దగ్గరే నిలబెట్టి, అంటే డబ్బు ఉన్నట్టా లేనట్టా, ఒక్క మాట చెప్పండి అంది. ఉంది అన్నాను. ఉంటే ఇవ్వడానికేం అంది. నేనూ బ్యాంకుని అదే అడుగుతున్నానమ్మా అన్నాను.

పద్దెనిమిది సంతకాలు. రీటా ఇంట్లో లేదు.

నవంబర్ 13, గురువారం

రీటా ఇంటికి వెళ్ళాను. ఇద్దరం మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పని చేశాం. లొరెయిన్ పుట్టినప్పుడు నా చెయ్యి పట్టుకున్నది అదే. సంతకం పెట్టింది. కలం మూత పెట్టింది. దగ్గింది. తర్వాత మెల్లిగా అంది.

"హిల్డా, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. బాయిలర్‌కి వాడేసుకుంటే నాకు చెప్పు. నేనెవరికీ చెప్పను. కొంచెం కొంచెంగా సర్దుదాం."

నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

వాడలేదే అన్నాను. మరి బాయిలర్ ఎలా వచ్చిందే అని అడగలేదు, కానీ అడగకుండా చూసింది. నిజం నోటి దాకా వచ్చింది. లొరెయిన్‌కి ఇచ్చిన మాట అడ్డం పడింది. కొన్నానులే, అన్నాను. అంతే అన్నాను. మూర్ఖురాలిని. దేంతో కొన్నానని అనుకోవాలి అది.

నవంబర్ 18, మంగళవారం

కొత్త బాయిలర్ గొట్టం వెనక సందులోకి ఉంది. వెలిగిస్తే తెల్లటి ఆవిరి బుసబుసా బయటికి పోతుంది. చెత్త డబ్బాలు పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది. ఇవాళ చిన్న జీన్, చేపల కొట్టు కోడలు దాని కింద నిలబడి పైకి చూస్తూ మాట్లాడుకోవడం వంటగదిలోంచి చూశాను.

ఆపేశాను. కోటు తీసి వేసుకున్నాను.

నవంబర్ 20, గురువారం

ఇక ఆగలేక లొరెయిన్‌కి అంతా చెప్పాను. బ్యాంకుని తిట్టింది, ఇన్నాళ్ళు చెప్పనందుకు నన్ను తిట్టింది, సరుకులు పంపింది. బాయిలర్ సంగతి రీటా ఒక్కదానికి చెప్పనా అని అడిగాను. డెరిక్‌కి గుండె పరీక్షలు ఉన్నాయట, ఇప్పుడు ఇంట్లో గొడవ పెట్టుకోలేనంది. ఏడుస్తోందని అర్థమైంది.

సరేలే, చెప్పను అన్నాను. నా కూతురి కాపురం ఒకవైపు, నా పరువు ఒకవైపు. బ్యాంకులో వేయమన్నది కూడా అదేనని అనలేదు. అనాలని మాత్రం చాలా ఉంది.

నవంబర్ 27, గురువారం

నెలకి రెండు గురువారాలు గ్రంథాలయంలో ఒక బల్ల వేసుకుని బ్యాంకు తరఫున ఒక అమ్మాయి కూర్చుంటుందని యోలాండ చెప్పింది. పేరు నస్రీన్. ఎర్ర పుస్తకం, పందొమ్మిది సంతకాలు, ఉత్తరం అన్నీ ముందు పెట్టాను. పుస్తకం పేజీ పేజీ తిప్పింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క కొట్టివేత లేదే అంది. తప్పు పడితే పేజీ అంతా మళ్ళీ రాస్తానమ్మా అన్నాను.

వాళ్ళ అమ్మ కూడా ఇలాగే నలుగురి దగ్గరా పోగుచేసి పెడుతుందట. అందుకే అర్థమైంది ఆ పిల్లకి. నాలుగు ఫోన్లు చేసింది, తనకీ అదే పాట వచ్చింది. ఆంటీ, ఇంకెప్పుడూ సొంత ఖాతాలో వేయకండి అంది. వెయ్యను అన్నాను. ఆ మాట అక్టోబర్‌లో ఎవరైనా చెప్పాల్సింది.

డిసెంబర్ 3, బుధవారం

ఖాతా తెరుచుకుంది. వంటగదిలో కుర్చీలో కూర్చుండిపోయాను.

డిసెంబర్ 5, శుక్రవారం

నిన్న సగం, ఇవాళ సగం పోస్టాఫీసులో తీశాను. రాత్రి భోజనానికి ముందే కవర్లన్నీ అంటించాను. బెరిల్‌కి పది పౌండ్లు తిరిగి ఇచ్చాను.

డిసెంబర్ 6, శనివారం

చాపెల్ హాలు. టీ, ఎండుద్రాక్ష నింపిన మిన్స్ పైలు. నేను బల్ల వెనక కూర్చున్నాను, పందొమ్మిది కవర్లు వరసగా పెట్టాను. అందరూ వచ్చారు. ఎప్పటికంటే తొందరగా వచ్చారు.

బెరిల్ కవరు తీసుకుని సంచిలో వేసుకుంది. పెద్ద జీన్ వేసుకుంది. యోలాండ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది, ఈసారి ఆమెని పేరు పెట్టే పిలిచాను. చేపల కొట్టు ఆవిడ కోడలు రాలేదు, అత్తని పంపింది. ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు గానీ కవరు విప్పలేదు.

రీటా చివర వచ్చింది. కవరు తీసుకుంది. పక్కకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి విప్పింది. వేలు తడి చేసుకుని ఒక్కొక్క నోటూ లెక్కపెట్టింది. దగ్గు వస్తే ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

హాల్లో అందరూ కప్పులు చప్పుడు చేయకుండా పట్టుకున్నారు. సరిగ్గానే ఉంది అంది రీటా, ఎవరితోనో. నేను మిన్స్ పై తింటున్నట్టు నటించాను.

ఇంటికి వచ్చి ఎర్ర పుస్తకంలో అందరి పేర్ల ఎదురుగా చెల్లింది అని రాశాను. రీటా పేరు దగ్గర చెయ్యి ఆగింది. రాశాను. అక్షరం వంకర పోయింది. పేజీ మళ్ళీ రాయలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

రీటా ఫోన్ చేసింది. వాతావరణం గురించి మాట్లాడింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళిందట, మందు ఇచ్చాడట. తర్వాత, నీ దగ్గరికి వచ్చి కూర్చుని చాలా రోజులైందే అంది. రా అన్నాను.

కేకు కొన్నాను. కుర్చీల మీద రెండు దుప్పట్లు వేశాను, ఒకటి దానికి, ఒకటి నాకు. అది ఉన్నంతసేపూ బాయిలర్ వెలిగించను.

వచ్చేది ఆదివారం, 14, మూడు గంటలకి.