పావని తెచ్చుకున్న రెండో సాలీడు

జమ్మలమడుగు,
ఆదివారం.

మా స్వర్ణక్కకు,

పులివెందులలో నువ్వూ బావా బాగున్నారని మొన్న ఫోన్లో విన్నాను కాబట్టి నేరుగా విషయానికే వస్తున్నాను. ఈ మాట ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకే కాగితం తీసుకున్నాను.

మా ఇంట్లో టరాంటులా ఉందని నీకు తెలుసు. అరచేతి వెడల్పున్న ఆ సాలీడును తలుచుకుంటేనే నీకు ఒళ్లు జలదరిస్తుందనీ తెలుసు. రెండో బిడ్డ కూడా కడుపులోనే పోయాక నేను మంచం దిగకుండా పడి ఉంటే, మా ఆయన నాగేంద్ర దాన్ని ప్రొద్దుటూరు నుంచి గాజుపెట్టెలో తెచ్చాడు. అక్కడ చేపల తొట్ల అంగడి నడిపే రెహాన్ ఆయనకు స్నేహితుడు. ఇదేందని నేను కసురుకుంటే, "కుక్కపిల్లను తెస్తే దాన్ని సూసి ఏడుస్తావు. దీన్ని సూసి ఎవురన్నా ఏడుస్తారా?" అన్నాడు. నవ్వొచ్చింది అక్కా. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు.

నీకు చెప్పని సంగతి వేరే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మా అత్త వంటింట్లో పక్కింటామెతో అంటుంటే నా చెవిన పడింది. "ఆ యమ్మి చేతిలో ఏదీ బతకదు లేమ్మా." అంతే. తిట్టలేదు, అరవలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అనేసింది. ఆ మాటను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా మోశాను.

పోయిన వారం పొద్దున మిషన్ మీద జాకెట్ కుడుతూ పెట్టె వైపు చూస్తే, సాలీడు కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పడి ఉంది. అత్త కూడా చూసింది. "సచ్చిపోయిండాది. యాడన్నా పూడ్చిపెట్టు మే" అంది. నేనూ ఒక్క క్షణం అదే అనుకున్నాను. కానీ కొన్నాళ్లుగా అది మేత ముట్టడం లేదు, పొట్ట నల్లబడింది. చచ్చేటప్పుడు సాలీడు కాళ్లు ముడుచుకుంటుందనీ, కుబుసం విడిచేటప్పుడే ఇలా వెల్లకిలా పడుకుంటుందనీ రెహాన్ ముందే చెప్పి ఉన్నాడు. "లేదత్తా, కుబుసం విడుస్తాండాది. ఎవురూ ముట్టుకోవద్దండి" అన్నాను. ఆమె పుల్ల తెచ్చి కదపబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పెళ్లయిన నాటి నుంచి ఆమె చేతికి అడ్డం పెట్టడం అదే మొదలు.

మధ్యాహ్నానికి పాత తోలు విచ్చుకుంది. ఒక్కో కాలూ, చేతి తొడుగులోంచి వేలు లాగినట్టు బయటికి వచ్చింది. కొత్త ఒళ్లు గులాబీ రంగుతో తళతళలాడింది. నేను గట్టిగా ఏడ్చేశాను. అత్త వంటింట్లోకి పోయింది.

ఆ రోజే అనుకున్నాను, రెండోది తెచ్చుకుంటానని. అత్త, "ఇంగోటి తెస్తే నేను పెద్దముడియం పోతా, నా కూతురింటికి" అంటోంది. అయినా రేపు ప్రొద్దుటూరు పోతున్నాను. నువ్వూ వద్దనకు అక్కా.

నీ పావని


జమ్మలమడుగు,
శుక్రవారం.

మా స్వర్ణక్కకు,

నీ కోపం, నీ భయం రెండూ ఫోన్లో విన్నాను. ఇప్పుడు జరిగింది విను.

సోమవారం నేను చెప్పులు వేసుకుంటుంటే అత్త కూడా సంచి తీసుకుని బయలుదేరింది. "నువ్వు ఏం తెస్తావో నా కండ్లతో సూస్తా. నచ్చకపోతే ఆణ్నుంచి ఆణ్నే పెద్దముడియం బస్సెక్కుతా" అంది. బస్సులో నాకు దూరంగా, ముందు సీట్లో కూర్చుంది.

అంగట్లో రెహాన్ ముందుగా నీలం రంగుదాన్ని చూపించాడు. చెట్ల మీద బతికే రకం. నెమలి మెడ రంగు అక్కా! చూపు తిప్పుకోలేకపోయాను. అతను మూత తీయగానే అది కన్ను మూసి తెరిచేలోగా పెట్టె ఇంకో మూలకు చేరింది. "అక్కా, ఇది శానా ఫాస్టు. కరిస్తే ఒళ్లంతా నొప్పులు పట్టుకుంటాయి. నీకిస్తా గానీ, నీ ఇష్టం" అన్నాడు. నా మొదటిది కొండలా కూర్చుని ఉండే రకం. ఇలాంటి వేగానికి నా చేతులు అలవాటు పడలేదు. ఆశ ఉంది, అనుభవం లేదు. వద్దన్నాను.

తర్వాత చిన్న డబ్బా తీశాడు. అందులో చిటికెన వేలి గోరంత పిల్ల, మట్టిరంగులో. బ్రెజిల్ రకం, నిదానమైంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, చివరికి నల్ల మఖమల్ గుడ్డలా అవుతుందట. "కానీ పిల్ల గదక్కా, తడి తగ్గినా కష్టమే. పెద్దదాన్ని సాకినంత సులువు గాదు" అన్నాడు.

అత్త డబ్బాలోకి తొంగిచూసి, "ఇంత పిల్లనా? ఇది బతుకుతాదా?" అంది.

నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. రెహాన్ ముందే అన్నాను. "అత్తా, నా చేతిలో ఏదీ బతకదని నువ్వు అన్న్యావు. నేను విన్న్యా. నా బిడ్డలు పోయింది నా చేతుల వల్ల గాదు. డాక్టరమ్మ నీ ముందరే చెప్పింది. ఇంగ ఆ మాట నేను మొయ్యను."

రెహాన్ చేపల తొట్ల వైపు తిరిగి మేత వేయసాగాడు. అత్త మొహం ఎర్రబడింది. పెద్దముడియం బస్సు ఎక్కుతుందనే అనుకున్నాను. ఆమె సంచి కింద పెట్టి, "నేను గూడా ఒక బిడ్డను పోగొట్టుకున్న్యా మే, నాగేంద్ర కంటే ముందర. నాకూ మా అత్త అదే మాట అనింది. నా నోరు మండ, నేనూ అదే అంటిని" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ సంగతి ఆమె కొడుక్కి కూడా తెలియదు అక్కా.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెహాన్ వైపు తిరిగి, "ఈ పిల్లనే ఇయ్యి" అన్నాను.

వచ్చేటప్పుడు డబ్బాను అత్తే ఒళ్లో పెట్టుకుంది. పక్క సీటామె ఏందని అడిగితే, "మా కోడలు సాకుతాండే సాలీడు. గమ్మునుండమ్మా, కుదుపులకు బెదురుతాది" అని కసిరింది.

మూడు రోజులు పిల్ల ఏమీ తినలేదు. ఇవాళ పొద్దున బియ్యపు గింజంత బొద్దింక పిల్లను వేశాను. నేనూ అత్తా వంగి చూస్తున్నాం. ఆ గోరంత ప్రాణి కదలలేదు, కదలలేదు, ఒక్కసారిగా దూకి పట్టేసింది! "పట్టిండాది మే! పట్టిండాది!" అని అత్త వేసిన కేకకు వీధిలో బండి కడుగుతున్న నాగేంద్ర సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

సంతోషంతో,
నీ చెల్లెలు
పావని