ఏడాది తర్వాత దిగిన మెయిల్

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

మార్కాపురంలో నువ్వు గుమాస్తాగా చేసిన పలకల ఫ్యాక్టరీ ఓనరు పొద్దున నా కంప్యూటర్ రిపేరు దుకాణానికి ఫోన్ చేశాడు. నిన్ను పనిలోంచి తీసేశాక మూలన పడేసిన కంప్యూటర్లో పాత ఆర్డర్లు కావాలట, మెయిళ్లు దిగడం లేదట. వెళ్లి చూశాను. పెద్ద పెద్ద ఫోటోలున్న ఒక మెయిల్ అడ్డంపడి, దాని వెనకవన్నీ ఆగిపోయాయి. ఇంటర్నెట్‌లోకి వెళ్లి దాన్ని తీసేయగానే మిగతావి దిగాయి. పలకల సైజు మార్చమని అప్పట్లో కొనేవాళ్లు పంపిన మెయిల్ కూడా ఇవాళే దిగింది. "మెయిల్ రాలే సార్" అని నువ్వెంత మొత్తుకున్నా, చూసి దాచావని కూలీలందరి ముందూ ఓనరు నిన్ను తిట్టి తీసేసింది దాని గురించే.

ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"పోయినాయన సంగతి ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు.

"మా అమ్మ బతికే ఉంది. ఆమెకు చెప్పండి" అన్నాను.

మధ్యాహ్నం మనింటికి వచ్చాడు. అమ్మ లోపలికి రమ్మనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. గడప బయట నిలబడి, "మీ ఆయన అబద్ధం చెప్పలేదమ్మా, తప్పు నాదే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పు సామీ, వీధిలోకి వినపడలే" అంది అమ్మ.

ఆయన గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. పక్కిళ్లవాళ్లు బయటికొచ్చి విన్నారు. నాకింకా కసి తీరలేదు నాయనా.