నలుగురు మోసే బంపర్

నంద్యాల,
బుధవారం

అత్తకు,

సౌజన్య వందనాలు. నీకు, బీరువాలో పడుకున్న నీ చెవి మిషన్‌కు కూడా. నువ్వు దాన్ని పెట్టుకోవు. నేను ఫోన్‌లో అరిస్తే మీ పక్కింటి యశోదమ్మ జవాబు చెబుతోంది. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను. రోజూ ఇక్కడి నుంచి ఆళ్లగడ్డ బడికి బస్సులో వెళ్లే ఇంద్రజ టీచర్ ఈ ఉత్తరం నీకు ఇస్తుంది.

సంగతి నాయన కారుది. మొన్న బనగానపల్లె మామిడికాయల లారీ ఒకటి మా వీధిలో వెనక్కి వస్తూ ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు బంపర్‌ను పొడి చేసింది. డ్రైవర్ దిగి చూసి, పిల్లలు ఆడుకునే బండి అనుకున్నానమ్మా అన్నాడు. అంత కిందికి ఉన్న కారు అతని అద్దంలో సరిగ్గా కనిపించి ఉండదు. ఒక బుట్ట కాయలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వచ్చే నెల కారు రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. పాత బండి కాబట్టి రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. ముందు భాగం ఇలా బోసిగా ఉంటే పాస్ చేయరు. పాస్ కాకపోతే తుక్కు వాళ్లను వెంటబెట్టుకొని వస్తానని డోన్ నుంచి తమ్ముడు మనోజ్ చెప్పేశాడు. నాయన పోయాక ఇన్నాళ్లు ఆగడమే ఎక్కువట.

కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. హైదరాబాద్ పాత సామాన్ల కొట్టులో అసలు బంపర్ ఒకటి ఉందట. కానీ అది పసుపు రంగుది, ఒక మూల విరిగిపోయింది. జీపులకు వేసే స్టీలు గొట్టం వేయించుకోవచ్చు. అది గట్టిదే, కానీ పెళ్లికూతురికి హెల్మెట్ పెట్టినట్టు ఉంటుందేమో. కొత్తగా చేయిస్తే బాగుంటుందేమో. చేసేవాళ్లు దొరకరేమో. నువ్వేమంటావు?

నాయన సమాధి రాయి సంగతి నువ్వు అడుగుతూనే ఉన్నావు. దాని గురించీ ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

నీ
సౌజన్య

తా.క.: ఆ బుట్టలోవి ఆరు కాయలు పంపుతున్నాను. ఇంద్రజకు మామిడికాయలంటే ప్రాణం. ఎన్ని అందాయో రాయి.

•

ఆళ్లగడ్డ,
శుక్రవారం

సౌజీకి,

దేవమ్మత్త దీవెనలు. కాయలు రెండు అందినాయి.

నీ ఉత్తరంలో యాడ 'ఏమో' కనపడితే ఆడ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టినా. పేజీకి ఆటలమ్మ పోసినట్టుండాది. కాలేజీలో పిల్లోళ్లకు కెమిస్ట్రీ చెప్పేదానివి, నీళ్లు తడిగా ఉంటాయేమో అని చెప్తాండావా ఏందీ?

కొత్తగానే చేయించు. మా ఊర్లో చేయి తిరిగినోళ్లకు కరువా? ఏం కావాలో తెలిసేటట్టు రాయి, నేను పురమాయిస్తా.

దేవమ్మ

తా.క.: పక్కింటామె నీకు ఏమేం జవాబులు చెప్పిందో అవి కూడా రాయి. నాకు పనికొస్తాయి.

•

నంద్యాల,
ఆదివారం

అత్తా, నీ ఎర్ర పెన్నుకు భయపడుతూనే మొదలుపెడుతున్నాను.

పాత ముక్కలు దేనికీ పనికిరావు. అందుకని నాయన కారు పక్కన దిగిన ఫొటోలన్నీ పంపుతున్నాను. పేపర్లు అంటించి బంపర్ ఎంత ఉండేదో అంతే అచ్చు కత్తిరించాను. కొలతలు దాని మీదే రాశాను. చుట్ట చుట్టి ఇంద్రజకు ఇస్తే, దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చోవడానికి ఆమె రెండు సీట్లు అడిగిందట.

చేసేవాళ్లకు ఒక్కటి చెప్పు. ఇది నాయన జ్ఞాపకం. ఒక్క వంపు తప్పినా ఒప్పుకోను. కలకాలం నిలవాలి. రంగు నలుపైనా ఫర్వాలేదు. నాయన పోయి ఏడాదయ్యే రోజు ప్రార్థన కూడికలోపు కావాలి.

ఇంత గట్టిగా రాసి, మళ్లీ చదువుకుంటే నాకే అనుమానంగా ఉంది. పసుపుదే తెప్పించుకొని రంగు వేయిస్తే సరిపోయేదేమో.

నీ
సౌజన్య

తా.క.: ఆ చివరి 'ఏమో'కు నేనే గుండ్రం చుట్టాను. నీకు పని తగ్గించాను.

•

ఆళ్లగడ్డ,
బుధవారం

సౌజీకి, మీ అత్త.

పని బ్రహ్మయ్యాచారికి అప్పజెప్పినా. నువ్వు పంపిన అచ్చు అరుగు మీద పరిచి, ఫొటోలు చేతిలో పట్టుకొని శానాసేపు కూర్చున్యాడు. ఈ ఆకారం ఇంతవరకు ఎవురూ చేయించుకోలేదంట. అయినా మీ నాయన మొహం చూస్తే చేయాలనిపిస్తాందంట.

ఆయప్ప అడిగినవి ఇవి. పాలిష్ ముందువైపుకేనా, వెనక కూడానా? మధ్యలో పలక మాదిరి ఉన్నచోట మీ నాయన పేరు వేయాల్నా? అయిపోయినాక నలుగురు మోయాల్సొస్తాది, మనుషులు ఉండారా?

బేగా జవాబు రాయి. ఆయప్ప పనిలోకి దిగినాడు.

దేవమ్మ

తా.క.: పాస్టర్ గారికి ఫొటో చూపించినా. వాక్యంలో యాడా వద్దని లేదు కాబట్టి అభ్యంతరం లేదన్యాడు.

•

నంద్యాల,
శుక్రవారం

అత్తకు,

వందనాలు. ఆచారి అంటే వడ్రంగి అయి ఉంటాడని ఊహించాను. మంచి ఎంపిక. ముందు చెక్కతో అచ్చు చేసి, దాని మీద ఫైబర్ పోస్తాడు కాబోలు.

పాలిష్ ముందువైపు చాలు. వెనక ఎవరు చూస్తారు? నాయన పేరు మాత్రం వద్దు. ఆ పలక చోట నంబరే ఉండాలి. చట్టం అలాగే ఉంది. పేరు కనిపిస్తే అక్కడికక్కడే ఆపేస్తారు.

నన్ను భయపెట్టింది ఆ నలుగురు మోయడం. అసలు బంపర్‌ను నేనొక్కదాన్నే చంకలో పెట్టుకొని మేడ మెట్లు ఎక్కేదాన్ని. అంత బరువైతే ముందు టైర్లు ఏమైపోతాయి? ఆచారిని కాస్త పల్చగా చేయమనవా? లేకపోతే గట్టిగానే ఉండనీ. లేకపోతే వద్దు.

నిన్న మనోజ్ ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు బంపర్ ఏరుకునేలోపల కారు దానంతటదే తుక్కయిపోతాది. మనకు లారీ బాడుగ మిగుల్తాది," అన్నాడు. నవ్వలేకపోయాను. వాడు చెప్పింది కొంత నిజమేనేమోనని రాత్రంతా అనిపించింది. నాయన నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే. ఎటు తిప్పాలి నాయనా అంటే, స్టీరింగ్ నీ చేతిలో ఉంటే నన్నడుగుతావేందమ్మా అనేవాడు. అది పోతే ఆ మాట అనేవాళ్లు ఇంక ఉండరు.

సౌజన్య

తా.క.: బంపర్‌కు పాస్టర్ గారి అనుమతి ఎందుకో అర్థం కాలేదు. బండికి ప్రార్థన చేస్తారనుకుంటాను. చేయనీ, దానికి అవసరమే.

•

ఆళ్లగడ్డ,
తర్వాతి గురువారం

సౌజీకి,

దీవెనలు. పని అయిపోయింది. అచ్చం మీ నాయన కారు మూతే. నల్లరాయి, ముందువైపు అద్దం మాదిరి ఉండాది. నేను వంగి చూస్తే నా జడలో పూలు కనపడినాయి. నువ్వు చెప్పినట్టు నంబరే చెక్కినాడు. "సమాధి మీద బండి నంబరేందమ్మా?" అని ఆచారి అడిగితే, చట్టమంట అని చెప్పినా. ఆయప్ప శిల్పాలు చెక్కబట్టి ముప్పై ఏండ్లాయె, ఈ చట్టం ఇనలేదంట. నేర్చుకుంటాడులే.

కూడిక రోజు పొద్దున్నే తీసకపోయి మీ నాయన తలాపున నిలబెడతారు. నలుగురు మనుషుల్ని మాట్లాడినా.

దేవమ్మ

తా.క.: టైర్లని ఏందో రాసినావు. సమాధికి టైర్లేంది అమ్మీ?

•

నంద్యాల,
మర్నాడు, శుక్రవారం

అత్తా,

నీ ఉత్తరం స్టాఫ్ రూమ్‌లో చదివాను. చదివి నేను చేసిన చప్పుడుకు పక్క క్లాసులోంచి మనిషి వచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

నేను అడిగింది కారు బంపర్. నువ్వు చేయించింది సమాధి రాయి. రవాణా ఆఫీసుకు వెళ్లాల్సింది వచ్చే బుధవారం. ఆ సాయంత్రానికే మనోజ్ తుక్కు వాళ్లను రమ్మన్నాడు.

నీ మీద కోప్పడదామని పెన్ను తీశాను. అప్పుడు నల్లరాయి, అద్దం మాదిరి అన్న మాట మళ్లీ కంటబడింది. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. రాసుకో.

రాయిని ఎక్కడికీ కదిలించొద్దు. మీ వీధి చివర లారీ బాడీలు కట్టే మాబాషాను పిలిపించు. రాయి ముందువైపు అంతా మైనం పట్టించి తుడవమను. నంబరు చెక్కిన గుంటల్లో మైనం ముద్దలు పెట్టి చదును చేయాలి. దాని మీద ఫైబర్ బట్ట పరిచి రెసిన్ జిగురు పూయాలి. గట్టిపడ్డాక మరో పొర, ఆ తర్వాత ఇంకో పొర. బాగా ఆరాక అంచుల దగ్గర మెల్లగా తడితే ఊడివస్తుంది. అంత నున్నటి అచ్చు దేశంలో ఏ ఫ్యాక్టరీకీ ఉండదు. పైన పుట్టీ పెట్టి సానపట్టి, ఎర్ర రంగు వేయమను. పసుపుది వద్దు. స్టీలు గొట్టం వద్దు. ఇదే.

ఇన్నేళ్లుగా రెసిన్ ఎలా గట్టిపడుతుందో బోర్డు మీద సమీకరణాలు రాస్తున్నాను. అది గట్టిపడితే చూడాలని ఇప్పుడే అనిపించింది.

సౌజన్య

తా.క.: రాయి మీద నంబరు చెరిపించొద్దు. సమాధికి అదే ఉండనీ. అది కూడా తేలింది.

•

ఆళ్లగడ్డ,
మంగళవారం

సౌజీకి,

ఊడొచ్చింది. మాబాషా చెక్క సుత్తితో తట్టుతాంటే నేను కండ్లు మూసుకున్యా. ఆచారి మాత్రం తన రాయికి యాడన్నా గీత పడిందేమోనని చుట్టూ తిరిగినాడు. పడలేదు. రంగేసి ఎండబెట్టి, దుప్పటి చుట్టి మధ్యాహ్నం బస్సుకు పంపుతాండాం. ఈతూరి మోయనీకి నలుగురు అక్కర్లేదు, ఇంద్రజ చాలు.

దేవమ్మ

తా.క.: నీ ఉత్తరం మూడుసార్లు వెదికినా. ఒక్క గుండ్రం చుట్టనీకి కూడా చోటు దొరకలేదు. పెన్నుకు మూత పెట్టేసినా.

•

నంద్యాల,
గురువారం

అత్తా,

పాసయ్యింది.

బస్సు దిగేసరికి ఇంద్రజ బంపర్‌ను పసిబిడ్డలా పట్టుకొని ఉంది. మెకానిక్ రంధ్రాలు వేసి బిగిస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. సరిగ్గా సరిపోతుందో లేదోనని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలనిపించింది, కానీ అడగలేదు. సరిపోయింది. రాయి మీద పోసింది కదా, వెంట్రుకంత లావుగా ఉందంతే. నాయన కూడా చివర్లో కాస్త లావయ్యాడు.

రవాణా ఆఫీసులో అధికారి కారు చుట్టూ తిరిగాడు. లైట్లు, బ్రేకులు చూశాడు. చివరికి బంపర్‌ను వేలి గణుపులతో కొట్టి, ఎక్కడ దొరికిందని అడిగాడు. ఆళ్లగడ్డ శిల్పి చెక్కాడన్నాను. ఆయన వంగి ఇంకోసారి కొట్టి చూసి సంతకం పెట్టాడు.

ఇంటికి వస్తే గేటు ముందు మనోజ్, తుక్కు ఆయన నిలబడి ఉన్నారు. నేను హారన్ కొట్టి, ఇద్దరినీ పక్కకు జరగమని చెయ్యి ఊపి కారు లోపల పెట్టాను. తుక్కు ఆయన, ఇది తుక్కు కాదు సార్ అని తన దారిన తను వెళ్లిపోయాడు. మనోజ్ బంపర్ ముందు గొంతుక్కూర్చొని ఎంతసేపటికీ లేవలేదు. చివరికి, "అక్కా, నేనొక రౌండ్ తిప్పుకొస్తా," అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను.

ఆదివారం కూడికకు నిన్ను కారులోనే తీసుకెళ్తాను. తయారుగా ఉండు.

సౌజన్య

తా.క.: ఉన్నవి రెండు సీట్లే కాబట్టి మనోజ్ బస్సులో వస్తాడు. ఇది ఆలోచించకుండానే చెప్పేశాను.

•

ఆళ్లగడ్డ,
శుక్రవారం

సౌజీకి,

దేవమ్మత్త నిండు దీవెనలు.

ఇంక దాచిపెట్టడం ఎందుకు? నువ్వు అడిగింది కారు బంపరే అని నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. నలభై దాటిన దానికి బంపర్ తేలదు, తండ్రి సమాధి రాయి తేలదు. మీ నాయన అట్లే ఏడాదిగా మట్టి కింద రాయి లేకుండా పడుకోనుండాడు.

నేను బడిలో లెక్కలు చెప్పేటప్పుడు క్లాసులో కొందరు ఆడపిల్లలు ఉండేవాళ్లు. జవాబు తెలుసు, నోరు తెరవరు. వాళ్లకోసమని బోర్డు మీద కావాలనే తప్పు రాసేదాన్ని. అంతవరకు తల దించుకోనున్న పిల్ల లేచి నిలబడి, తప్పు టీచర్ అనేది. ఆమెచేతే వచ్చి సరిచేయించేదాన్ని. ఇది కూడా అట్లా చేసిందే. ఆచారికి మాత్రం నిజంగానే రాయి చెప్పినా. మీ నాయనకు ఆ కారు మూతి కంటే చక్కని రాయి ఉండాదా? బంపర్ కోసం మాబాషాను మొదటి రోజే కాసుకోనుండమన్యా. మా మేనకోడలు ఒక మాట మీదకొస్తాది, రాంగానే పని మొదలుపెట్టు అన్యా.

రాయి మీదనే బంపర్ తీస్తావని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వు గొట్టమో పసుపుదో ఒకటి గట్టిగా చెప్తే చాలనుకున్యా. ఆ లెక్క నీది. దానికి మార్కులు నూటికి నూరు.

ఆదివారం వాకిట్లో నిలబడి ఉంటా. చెవి మిషన్ బీరువాలోంచి తీసి బ్యాటరీ మార్పించినా. మీ నాయన కారు చప్పుడు వీధి మలుపు దగ్గర్నుంచే వినాల.

దేవమ్మ

తా.క.: వెనక బంపర్ రాయి ఎప్పుడు మొదలుపెట్టాలని ఆచారి అడుగుతాండాడు. అది నాకేలే, తొందరేం ల్యాదని చెప్పినా.