టీ పడితే బాగుణ్ణు

మావా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ మళ్లీ టెక్కలి గ్రానైట్ ఆఫీసుకి వెళ్లాను. మా రాళ్లు ఇప్పుడు స్పెయిన్‌కి వెళ్తున్నాయని, ఓనరు నన్ను ఫోన్లో స్పానిష్ క్లాసులు వినమన్నాడు. నువ్వుంటే పడిపడి నవ్వేవాడివి.

స్పానిష్‌లో ఒకరిని ఏదైనా చేయమని అడగాలంటే ముందు మన కోరిక చెప్పి, తర్వాత క్రియ రూపం మార్చాలట. చేయడం, మానడం వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి. టీచరు అలా చెబుతుంటే నువ్వే గుర్తొచ్చావు. అన్నేళ్ల కాపురంలో ఏనాడూ 'టీ పెట్టు' అనలేదు. గోడకేసి చూస్తూ "ఇప్పుడో సుక్క టీ పడితే బాగుణ్ణు" అనేవాడివి. "తిన్నగా అడగలేవేటి?" అని కసురుతూనే లేచేదాన్ని.

ఇప్పుడంతా తిన్నగానే చెబుతున్నారు. ఆఫీసులో బిల్లు పంపమంటారు, ఇంట్లో మీ అమ్మ "ఒసే, నీళ్లు తోడు, తలుపెయ్యి" అంటుంది. లేచి లేచి కాళ్లు పీకుతున్నాయి.

సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాను. మీ అమ్మ కాసేపు నన్ను చూసి, గోడవైపు తిరిగి "ఇప్పుడో సుక్క టీ పడితే బాగుణ్ణు" అంది.

విసుక్కుంటూనే లేచి పాలు పెట్టాను. అవి పొంగేదాకా గుర్తు రాలేదు, మీ అమ్మ టీ తాగదని.