సమ్మె రోజుల్లో గీజర్

సెప్టెంబర్ 20, 2011, మంగళవారం

తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మెలో బస్సులు ఆగి రెండో రోజు. సైదులు పొద్దున్నే డిపో దగ్గర ధర్నాకు వెళ్లి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి నా నెత్తిన కూర్చున్నాడు. పదేళ్లుగా కండక్టర్ డ్యూటీలో రోజంతా నిలబడ్డ మనిషి, ఊరికే కూర్చోవడం చేతకాదు. స్టవ్ బర్నర్ విప్పాడు, మళ్లీ బిగించాడు. అది ఇప్పుడు ఒక పక్కే మండుతోంది. నేను పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరూ మూతపడింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంట్లో ఉంటే ఈ రెండు గదులు చాలడం లేదు.

సెప్టెంబర్ 23

గ్యాస్ బండ అయిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. కిరోసిన్ స్టవ్ మీద వంట. మా అత్తమ్మ అండాలమ్మకు పొద్దున మోకాళ్ల మీద వేడినీళ్లు పడితే గానీ లేవలేదు. ఉన్న కిరోసిన్‌తో అన్నం వండనా, నీళ్లు కాచనా?

మధ్యాహ్నం సైదులు కోఠీ నుంచి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. ఎలక్ట్రిక్ షవర్, చిన్న గీజర్ లాంటిది. నల్లా తిప్పితే చాలు, వేడినీళ్లు పడతాయట. తనే బిగిస్తాడట.

సెప్టెంబర్ 25

డబ్బా సంగతి తెలిసి ఇంటి ఓనర్ త్రినాథరావు గారు పై అంతస్తు నుంచి దిగి వచ్చారు. భీమవరం వైపు మనిషి. బాత్రూమ్‌లో కరెంటు పని మనంతట మనం చేసుకునేది కాదయ్యా, మా ఎలక్ట్రీషియన్ బాపిరాజుని పంపిస్తాను, గంటలో అయిపోద్ది అన్నారు. సైదులు ముఖం మాడ్చుకున్నాడు. ఆయన మెట్లెక్కగానే, ఒక దిక్కు గాళ్లతోని కొట్లాడుకుంట ఇంకో దిక్కు గాళ్లనే బతిలాడాల్నా అని నా మీద ఎగిరాడు.

పాపం, ఆయనే కదా కరెంటు కోతలు మొదలవగానే అత్తమ్మ ఉక్కకు ఓర్వలేదని తన ఇన్వర్టర్ నుంచి మా ఫ్యానుకు లైన్ ఇప్పించింది! ఆ మాటే అంటే నేను ఆంధ్రోళ్ల దిక్కు మాట్లాడుతున్నానట. నాకు ఒళ్లు మండింది. వైరుకు నువ్వు ఏ జిల్లా వాడివో తెలుస్తుందా అని అడిగాను.

మా ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫీజులేసినోన్ని, గీ డబ్బా నాకొక లెక్కనా అన్నాడు. నిజమే, వేశాడు. మా నల్గొండ పల్లెల్లో లైన్‌మన్ కోసం చూస్తూ కూర్చుంటే పొలం ఎండుతుంది. కరెంటు వంతుల వారీగా వస్తుంది, పోయిన గంటల్లో రైతులే ఎక్కి ఉత్త చేతులతో బాగు చేసుకుంటారు. మా నాన్నా చేశాడు. అక్కడ కరెంటు పోయిందంటే ఊరంతా పోయినట్టే. తీగలో ఉందో లేదో పరీక్షించి చూసుకునే అలవాటు ఎవరికీ లేదు.

సెప్టెంబర్ 27

రేపు రెండు నుంచి నాలుగు దాకా కోత. ఆ టైమ్‌లోనే బిగిస్తాడట. పోనీ ఒక టెస్టర్ అయినా కొనుక్కురా అన్నాను. కరెంటే లేనప్పుడు టెస్టర్ ఏం జూస్తదే పిచ్చిదానా అని నవ్వాడు. రెండు రోజులుగా మాటల్లేవు కదా, ఆ నవ్వుకు నేనూ నవ్వేశాను.

సెప్టెంబర్ 28

సైదులు పోయాడు.

అక్టోబర్ 1

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. రెండింటికి కరెంటు పోయింది. ముందు గదిలో ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతోంది, అత్తమ్మ దాని కింద పడుకుంది. సైదులు బాత్రూమ్ కడిగి, ఆ తడి నేల మీదే ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. అక్కడి బల్బు వైరు నుంచే షవర్‌కు లైన్ తీసుకుందామని దాన్ని కోశాడు. ఆ బల్బు మాడిపోయి నెల దాటింది. మార్చు మార్చు అని నేను, మారుస్తా మారుస్తా అని అతను. ఫ్యానుకు ఇచ్చిన ఇన్వర్టర్ లైన్ ఆ బల్బుకూ వెళ్తోందని మాకు తెలియదు. తర్వాత బాపిరాజు వచ్చి చూసి చెబితే తెలిసింది. బల్బు మంచిదై ఉంటే కోతలోనూ వెలిగేది, అతను చెయ్యి పెట్టేవాడు కాదు.

స్క్రూడ్రైవర్ ఇయ్యమని అడిగాడు. నేను వెతికి తెచ్చేలోపే పడిపోయిన చప్పుడు. నా అరుపులకు త్రినాథరావు గారు ఇన్వర్టర్ ఆపేసి పరుగున కిందికి వచ్చారు. దవాఖానలో డాక్టర్ గారు చెయ్యి పట్టి చూసి, తల అడ్డంగా ఊపారు.

నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది. సైదులు మీదే. పోయిన మనిషి మీద కోపం తప్పేమో గానీ, వస్తోంది.

అక్టోబర్ 3

డిపో వాళ్లు వచ్చారు. సైదులు బస్సు నడిపే డ్రైవర్ శేఖర్ అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. తెలంగాణ వస్తదో రాదోనని మనాది పెట్టుకుని కావాల్ననే తీగ పట్టుకున్నడు అని గుంపులో ఎవరో అన్నారు. సాయంత్రానికి అదే అందరి మాట. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అమరుడు సైదులన్నకు జోహార్లు.

కాదని చెప్పడానికి లేచాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుంది. నా కొడుకు తెలంగాణ కోసం పానమిచ్చిండు, నా మోకాళ్ల నీళ్ల కోసం సావలే, గట్లనకు బిడ్డా అంది. కొడుకు పోయాక ఆమె ముద్ద ముట్టింది ఈ రోజే. నేను నోరు మూసుకున్నాను.

చీకటి పడ్డాక త్రినాథరావు గారు వచ్చి చేతులు జోడించారు. ఇన్వర్టర్ నాదని తెలిస్తే నేనే చంపేశానంటారమ్మా, ఈ గొడవల్లో నా మాట వినేదెవరు అన్నారు. అబద్ధం అందరికీ అక్కరకొచ్చింది, నాకు తప్ప.

అక్టోబర్ 9

దినాలు అయిపోయాయి. ఊరి నుంచి వచ్చినవాళ్లు వీరుణ్ని కన్నతల్లివి అని అత్తమ్మ కాళ్లు మొక్కుతున్నారు. ఆమె ఆ మాటలు పట్టుకునే లేచి తిరుగుతోంది. సైదులు ఎలాంటివాడో మాత్రం ఎవరూ మాట్లాడరు. నిద్రలో కూడా చైతన్యపురి, కొత్తపేట అని స్టాపుల పేర్లు అరిచేవాడు. పోయిన రోజు పొద్దున, ఆదివారం నాటుకోడి తెస్తా, ఖారం జర ఎక్కువేయి అన్నాడు. చావాలనుకున్న మనిషి అలా అంటాడా?

అక్టోబర్ 12, మధ్యాహ్నం

శేఖర్ వచ్చి కూర్చున్నాడు. భార్య బాలింత, నాగోల్‌లో వాళ్ల ఇంట్లోనూ గ్యాస్ లేదట. మూలన ఉన్న షవర్ డబ్బా చూశాడు. అది కండ్ల ముంగట ఉంటే నీకు పరేషానే వదినా, నాకియ్యి, రెండింటికి కరెంటు పోతది గద, నేనే బిగించుకుంట అన్నాడు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా అని అడిగాను. కిందోళ్లకు ఉన్నది, మాకో బల్బుకు లైన్ ఇచ్చిండ్రు, ఎందుకు వదినా అన్నాడు.

టీ పెడతానని వంటింట్లోకి వచ్చాను. నీళ్లు కాగేలోపు ఇది రాస్తున్నాను. అత్తమ్మ అక్కడే గోడకు ఆనుకుని ఉంది. ఆమె ముందు చెప్తే మళ్లీ మంచం పడుతుంది, లేవకపోవచ్చు. ఆమెకు వినబడకుండా చెప్పడానికి ఈ ఇంట్లో చోటు లేదు. డబ్బా ఇవ్వనంటే ఇంకొకటి కొనుక్కుంటాడు. మొండితనంలో సైదులుకు తమ్ముడే.

అదే రోజు, సాయంత్రం

అంతా చెప్పేశాను. శేఖర్ నమ్మలేక అత్తమ్మ వైపు చూశాడు.

ఆమె అతన్ని దగ్గరికి పిలిచి, నా నీళ్ల కోసమే సచ్చిండు కొడుకా, నువ్వు చెయ్యి పెట్టకు అంది.