బానెట్ మీది వంకర ముడి

డోవర్,
నవంబర్ 19.

గ్లెనిస్‌కి,

ఇక్కడ నేనూ, కుక్కా, ఆరు కోళ్ళూ కులాసా. ఏడో కోడిని జూన్‌లో ఆ మచ్చల అడవిజంతువు క్వాల్ ఎత్తుకుపోయింది. నిన్ను పొడిచే కోడే కనుక నువ్వేమీ బెంగపడవని తెలుసు. ఆ దక్షిణ దీవి మీది పరిశోధన కేంద్రంలో నువ్వు ఏడాదిగా వండిపెడుతున్న వాళ్ళంతా, వాళ్ళతోపాటు నువ్వూ క్షేమంగా ఉన్నారనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

ముందు అసలు వార్త చెప్పేస్తాను, కడుపులో దాగడం లేదు. జిల్లా షోలో మొదటి బహుమతి మన ఇంటికొచ్చింది. కేకులకు కాదు, ఉల్లిగడ్డలకు కాదు, కంప్యూటర్లో ఫొటోల చుట్టూ అలంకరించి చేసే ఆల్బం పేజీలకు. నీలం పట్టీ ఫ్రిజ్ మీద వేలాడుతోంది. డాఫ్నీకి ఎర్రది, అంటే రెండోది. ఆరేళ్ళుగా నీలం పట్టీ ఆవిడ చెయ్యి దాటి ఎరగదని నువ్వే గొణుగుతుండేదానివి. ఇప్పుడు దాటింది.

ఏప్రిల్ ఓడలో వచ్చిన నీ ఉత్తరం ఎదురుగానే ఉంది. కాగితం మీద అడిగినవాటికి కాగితం మీదే జవాబు రావాలని నీ పట్టు. పైగా ఫోన్లో మాట్లాడదామంటే నీ వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు వంతు కోసం నిలబడే ఉంటారు. సరిగ్గా తింటున్నావా అని అడిగావు. బీన్స్ డబ్బా తెరవడాన్ని వంట అనగలిగితే, వండుకునే తింటున్నాను. మోకాలు వాన వచ్చే ముందు కబురు చెబుతుంది, అంతకు మించి ఏ పనీ చేయదు. పొగగొట్టం శుభ్రం చేయించాను. ఎప్పుడని అడక్కు. ఇక "నా కంప్యూటర్ జోలికి వెళ్ళలేదు కదా?" అని కింద గీత గీసి మరీ అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. చూపు కిందికి పోనివ్వకుండా వరసగా చదువు.

మే నెలలో లైబ్రరీలో డాఫ్నీ చెప్పే బుధవారం ఆల్బం క్లాసుకు వెళ్ళాను. ఆరుగురు ఆడవాళ్ళు, నేను. డాఫ్నీ కళ్ళజోడు కిందికి దించి, "ఏం రెక్స్, దారి తప్పావా? పడవల రేవు అటు" అంది. రిబ్బన్ పువ్వులు చేయడం నేర్చుకుంటానన్నాను. నవ్వాపుకోవడానికి వాళ్ళకు రెండు కప్పుల టీ పట్టింది.

ఆవిడ పద్ధతి నీకు తెలిసిందే. రిబ్బన్ ముక్కను స్కానర్ అద్దం మీద పరిచి బొమ్మ తీయాలి. ఆ బొమ్మను వంచి ఒక రేకు చేసి, వెలుగూ నీడా దిద్దాలి. దాన్నే అటు తిప్పితే రెండో రేకు. నడిమధ్యన ముడి బొమ్మ ఒకటి అంటిస్తే డాఫ్నీ లెక్కలో పువ్వు పూర్తయినట్టే. నా లెక్క వేరు. నలభై ఏళ్ళు పడవ మీద తాళ్ళు కట్టినవాణ్ణి. ఈ కొస ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగాను.

"ముడి వెనక నుంచి."

"వెనక ఏముంది?"

"ఏమీ లేదు. అది బొమ్మ, రెక్స్. దాన్నెవరూ లాగరు. నువ్వేమైనా దానికి లంగరు కడుతున్నావా?"

మళ్ళీ అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ఇంటికొచ్చి తెల్ల సాటిన్ రిబ్బన్ నిజంగానే ముడివేశాను. ఏ కొస దేని మీదుగా వెళ్ళింది, దేని కిందికి దూరింది, ఒక్కో మలుపునూ విడిగా బొమ్మ తీసుకుని, పదకొండు పొరలుగా కంప్యూటర్లో పేర్చాను. నీడలన్నీ ఒకే వైపు పడేట్టు చూసుకున్నాను. మొదటి పువ్వుకు మూడు వారాలు పట్టింది, నా తిట్లు వినలేక కుక్క బయటికి వెళ్ళిపోయేది. బుధవారం తెర మీద పెడితే క్లాసులో నవ్వు ఆగిపోయింది. ఒకావిడ దగ్గరికొచ్చి గోటితో కొస లాగబోయింది. అద్దం తగిలి తనే సిగ్గుపడింది. డాఫ్నీ మాత్రం, పువ్వు చేయడం వేరు, పేజీ చేయడం వేరు, ధైర్యముంటే షోకి రమ్మంది.

అలా జూన్, జూలై, ఆగస్టు, చలికాలమంతా కూర్చుని తొంభై ఆరు పువ్వులు చేశాను, గ్లెనిస్. అల్లిన రిబ్బన్‌వి, అంచు పోగులూడినవి, నీ పాత ఏప్రన్ నాడాది ఒకటి. ఎందుకన్ని చేశానో చివర్లో తెలుస్తుంది.

షోకి మన పెళ్ళి పేజీ ఎంచుకున్నాను. అదేనే, నువ్వు చేసి అచ్చు వేయించి ఆల్బంలో పెట్టినది. మీ నాన్న హోల్డెన్ కారు, బానెట్ మీద తెల్ల రిబ్బన్, పక్కన చెవులు ఎర్రబడ్డ నేను. ఫొటో పక్కన నువ్వు చేసిన రిబ్బన్ పువ్వు వంకరగా ఉంటుంది, ఒక రేకు పైకి, ఒకటి కిందికి. ఇంటికెవరొచ్చినా ఆల్బం తీసి, చేపల పడవ నడిపినవాడి పెళ్ళానికి ముడి వేయడం రాదు చూడండని పదకొండేళ్ళుగా ఎగతాళి చేశాను. నువ్వు ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. "అలాగేలే రెక్స్" అని టీ పెట్టడానికి లేచేదానివి.

నేను ఆ పువ్వును చక్కగా, సమంగా చేశాను. డాఫ్నీ కూడా బాగుందంది. ఫొటోను స్కాన్ చేసి దాని పక్కన పెట్టి, నీడలు కలిశాయో లేదోనని తెర నిండా పెద్దది చేసి చూశాను. బానెట్ మీది రిబ్బన్ కనబడింది. ఒక రేకు పైకి, ఒకటి కిందికి.

కుడి కొసను ఎడమ దాని మీద వేసి, మళ్ళీ కుడిదాన్నే వేస్తే ముడి అలా అడ్డం తిరుగుతుంది. పడవ మీద అలా కట్టిన కుర్రాణ్ణి నేను ఆ రోజే ఇంటికి పంపేసేవాణ్ణి. కారు మీద ఆ రిబ్బన్ కట్టింది ఎవరు? నేనే. ఆ పొద్దున చేతులు ఎంత వణికాయో నాకు తెలుసు. చర్చి దాటిన రెండో మలుపులోనే అది ఊడిపోయింది, నువ్వు కిటికీలోంచి చెయ్యి చాపి కొస పట్టుకుని ఇంటిదాకా వచ్చావు. నువ్వు తప్పు చేయలేదు, గ్లెనిస్. నేను కట్టిందే ఉన్నదున్నట్టు చేశావు. చేసి, పదకొండేళ్ళు నోరు మూసుకుని ఊరుకున్నావు. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఏడ్చానని కూడా రాస్తున్నాను, ఎవరికీ చెప్పకు.

నేను చేసిన సమమైన పువ్వు తీసేసి, మళ్ళీ వంకర ముడి వేశాను. షో పొద్దున డాఫ్నీ జాలిపడి, "నీ పువ్వు వంకరగా ఉంది, ఇంకా టైముంది, ఇంటికెళ్ళి సరిచేసుకురా" అంది. వద్దన్నాను. ఆ పేజీ వెనక తొంభై ఆరు పువ్వుల పుస్తకం కూడా పెట్టాను. న్యాయనిర్ణేత మిసెస్ పైబస్ అని ఒక పొడుగాటి ఆవిడ. పుస్తకమంతా తిరగేసి అడిగింది.

"ఇన్ని సరిగ్గా కట్టారు. ఇదొక్కటీ ఎందుకు వంకరగా ఉంది?"

"కట్టినవాడు ఆ రోజు వణుకుతున్నాడండి" అన్నాను.

ఆవిడ భూతద్దం ఫొటో మీద పెట్టింది, తర్వాత పువ్వు మీద, మళ్ళీ ఫొటో మీద. సంచిలోంచి నీలం పట్టీ తీసి నా పేజీకి గుచ్చింది. డాఫ్నీ చాలాసేపు ఆ పేజీ ముందే నిలబడింది. చివరికి నా దగ్గరికొచ్చి, "వచ్చే బుధవారం పాఠం నువ్వు చెప్పు. నేను వెనక కూర్చుంటాను" అంది. ఆ మాట నాకు పట్టీ కన్నా ఎక్కువ.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. వెళ్ళాను. నువ్వు ఓడెక్కిన తొమ్మిదో రోజే వెళ్ళాను. ఫుట్‌బాల్ చూద్దామని తెరిస్తే జాగా లేదంది. ఏదైనా తీసేద్దామని వెతికితే "నాట్స్" అని ఒక పెద్ద ఫైళ్ళ మూట కనబడింది. ముడినీ నాట్ అంటారు, గాలి వేగాన్నీ నాట్లలోనే కొలుస్తారు. నా బుర్రకు గాలే తట్టింది. పడవ ఉన్న రోజుల్లో దాచిన గాలి లెక్కలనుకుని, పడవే అమ్మేశాక ఇవెందుకని తీసేశాను. మంచి పని చేశాననుకుని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పదకొండేళ్ళ నీ రిబ్బన్లు, గ్లెనిస్. మూడు వందల నలభై. బాగుచేసేవాడికి చూపిస్తే పెదవి విరిచాడు. అచ్చయిన ఆల్బం చూసి ఒక్కొక్కటే మళ్ళీ చేస్తున్నాను. తొంభై ఆరు అయ్యాయి. అన్నీ నీవే, నీ రంగులే. మిగతావి నువ్వు పక్కన కూర్చుంటే గానీ నా వల్ల కాదు. నన్ను క్షమించు.

ఈ ఉత్తరం నిన్ను తీసుకురావడానికి వచ్చే ఓడలోనే పంపుతున్నాను. నీ చేతికి అందాక హోబార్ట్ చేరడానికి మూడు రోజులు పడుతుంది. నీ కోపం చల్లారడానికి అది చాలుతుందని లెక్క వేశాను. నేను రేవులోనే ఉంటాను. మన బండి బానెట్ మీద తెల్ల రిబ్బన్ ఉంటుంది. సరైన ముడి వేయడం నాకొచ్చు. అయినా ఆ రోజు వేసిందే వేస్తాను. రెండో మలుపులో ఊడిపోతుంది. కిటికీ దించి ఉంచుతాను, కొస పట్టుకో.

ఇట్లు,
ముడి వేయడం రాని
నీ మొగుడు,
రెక్స్